గుంటకి సగం

తాయారమ్మ గారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. మనసు ఎందుకు నిలవదని అడిగిన పోస్టుమాస్టరు గారి చేత ఒక సాయంత్రమంతా చింతపండు గింజలు తీయించారు. మనిషి పుట్టుక దేనికని అడిగిన నా చేతికి చీపురిచ్చి పెరడు చూపించారు. ఆడపిల్లల కాలేజీలో ముప్ఫయ్యేళ్ళు హోమ్‌సైన్సు చెప్పి, రిటైరయ్యాక నిడదవోలులో సొంత ఇంటి వరండాలో మంగళవారాలు గీత చెప్పే మనిషి ఆవిడ. ఆరేళ్ళుగా ఆవిడ దగ్గర కూర్చుంటున్నాను కాబట్టి ఆవిణ్ణి ఏం అడగకూడదో నాకు బాగా తెలుసు.

వీరభద్రం గారికి తెలియదు. ఆయనది కిరాణా కొట్టు. కొసరుకి పెట్టింది పేరు. కిలో పప్పు అడిగితే కిలో మీద గుప్పెడు, బెల్లం కొంటే పైన ఇంకో ముక్క. కొట్లో అది బాగానే ఉంటుంది. కానీ కొట్టు మూసి వీధిలోకి వచ్చాక కూడా ఆయన చెయ్యి ఆగదు. ఒకసారి నా మోకాలినొప్పి సంగతి ఆయన ముందు నోరు జారాను. మర్నాడు పొద్దున్నే మా ఇంటికి రెండు తైలం సీసాలు, వాటి వెనకే ఒక నాటువైద్యుడు దిగారు. మంచి మనిషే. అంత మంచి మనిషిని తిట్టుకోవలసి వస్తోందే అని మరింత ఒళ్ళు మండేది.

ఒక శనివారం మధ్యాహ్నం నేను తాయారమ్మ గారికి మందుల చీటీ చదివి పెడుతూ ఉండగా ఆయన వచ్చారు. చెప్పులు విప్పుతూనే అడిగేశారు.

“అమ్మగారూ, నేను ఈ జన్మలో ఎవరికీ తక్కువ పెట్టలేదండి. మరి నా కూతురు నన్ను గుమ్మం ఎందుకు ఎక్కనివ్వదండి?”

ఆ కూతురు హైమ ఉండేది మూడు వీధుల అవతలే. ఆ గొడవ ఊళ్ళో మా అందరికీ తెలుసు. మూడు నెలల కింద, హైమ బ్యాంకులో పని ఉండి, తన కూతురు సంహితని గంటసేపు చూడమని తండ్రికి అప్పగించింది. ఈయన ఆ గంటలో పిల్లని కంసాలి దగ్గరికి తీసుకెళ్ళి చెవులు కుట్టించి తెచ్చారు. అవతల అత్తవారు ఆ వేడుకకి ముహూర్తం పెట్టుకుని ఉన్నారు. పైగా పిల్ల చెవి చీము పట్టి వారం రోజులు ఏడ్చింది. హైమ ఒక్కటే మాట అంది, నేను పిలిచేదాకా మా ఇంటికి రాకండి నాన్నా అని. ఈయన మాత్రం ఇప్పటికీ “పోగులు మేలిమి బంగారమండి” అంటారు.

తాయారమ్మ గారు కళ్ళజోడు తీసి ఆయన్ని చూశారు. “ఇవాళ నీ మనవరాలి పుట్టినరోజు. తెలుసా?”

తెలియకపోవడమేమిటి, ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“హైమ నాకు పొద్దున్న ఫోన్ చేసింది. పచ్చకామెర్లు తగ్గి నెలే కదా, పిల్లకి నూనెలో వేగినవి పెట్టకూడదు. అదేమో డోనట్లే కావాలని కూర్చుంది. ఓవెన్లో చేసే డోనట్లు కాలేజీలో దానికి నేను నేర్పిన విద్యే. నాన్న చేత చేయించండి మేడమ్ అంది. ఆరు. ఆరంటే ఆరే. అవి పట్టుకుని, ఇంకేమీ తేకుండా, అయిదింటికి రాగలిగితే రమ్మంది.”

వీరభద్రం గారు లేచి నిలబడ్డారు. “అంతేనా అండి! అరవై చేద్దాం!”

ఆవిడ నా వైపు చూశారు. నేను గోడ వైపు చూశాను.

ఆ డోనట్ల పెనం వంటింటి అటక మీద ఉంది. మన గుంటపునుగుల పెనానికి చుట్టం లాంటిదే. ఆరు గుంటలు. తేడా అల్లా, ప్రతి గుంట నడుమా ఒక బొడిపె నిలబడి ఉంటుంది. పిండి ఆ బొడిపె చుట్టూ పొంగితేనే డోనట్‌కి నడుమ చిల్లు వస్తుంది. తాయారమ్మ గారు మైదా, పంచదార, పెరుగు, కరిగించిన వెన్న, బేకింగ్ పౌడరు కలిపి, పెనానికి వెన్న రాసి, గరిటె ఆయన చేతికిచ్చారు. “గుంటకి సగం పొయ్యి. మిగతా సగం అదే పొంగుతుంది.”

ఆయన సగం పోశారు. పోసి, పెనం వంక చూశారు. పస్తులున్న పిల్లల్ని చూసినట్టు చూసి, ఒక్కో గుంటలో ఇంకో గరిటె వేసేశారు. “పుట్టినరోజు పూట సగం సగం ఏంటండీ, అరిష్టం!” అన్నారు.

ఆవిడ పెనాన్ని ఓవెన్లో పెట్టారు. పావుగంటకి తీస్తే ఆరు బన్నులు. బొడిపెలు ఎక్కడున్నాయో కూడా తెలియకుండా పొంగి, పక్కవాటితో అంటుకుపోయి, నెత్తి మీద పగుళ్ళిచ్చి కూర్చున్నాయి.

“రుచి అదేగా అండి,” అన్నారు వీరభద్రం గారు.

“మళ్ళీ,” అన్నారు ఆవిడ.

రెండో వాయికి ఆవిడ పక్కనే నిలబడి పోయించారు. ఆరు గుంటలు, ఆరు సగాలు. సరిగ్గా అప్పుడే పెరట్లో ఆరబెట్టిన వడియాల మీద కాకి వాలింది. ఆవిడ అటు వెళ్ళారో లేదో, ఈయన చెంచా తీశారు. నేను వద్దని చెయ్యి ఊపాను. “ఒక్క చెంచా అండి, దానికేం కాదు,” అని గుసగుసగా అంటూనే ఆరింటిలోనూ వేశారు. అంతటితో ఊరుకున్నారా, జేబులోంచి పొట్లం తీసి జీడిపప్పు కూడా గుచ్చారు. ఆ జీడిపప్పు కొట్టు దగ్గర బయలుదేరేటప్పుడే జేబులో వేసుకున్నారన్నమాట, ఎందుకైనా మంచిదని. నాకు ఆ క్షణాన ఆ పొట్లం లాక్కుని వీధిలోకి విసిరేద్దామనిపించింది.

ఈసారి చిల్లులు ఉండాల్సిన చోట బొడ్డులాంటి గుంటలు మిగిలాయి. జీడిపప్పులు అడుగుకి దిగి మాడిపోయాయి. ఆయన వేలు పెట్టి ఒకదానికి చిల్లు పొడవబోతే అది రెండు ముక్కలైంది.

తాయారమ్మ గారు నెత్తి కొట్టుకున్నారు. ఆరేళ్ళలో ఆవిడ అలా చెయ్యడం నేను చూడలేదు. “ఏమయ్యా, డెబ్భై మంది ఆడపిల్లలకి ఒక్కసారిగా వంట నేర్పాను. ఇంత మాట వినని చెయ్యి ఎక్కడా చూడలేదు. గిన్నెలో పిండి ఒక్క వాయికే ఉంది. ఇంట్లో మైదా నిండుకుంది. గంట నాలుగున్నర కావస్తోంది. ఇంక నీ ఇష్టం.” అని కుర్చీ లాక్కుని అటు తిరిగి కూర్చున్నారు.

ఆయన గరిటె పట్టుకుని నిలబడిపోయారు. మా ఇద్దరిలో ఎవరితోనూ కాకుండా, పెనంతో చెప్పుకుంటున్నట్టు అన్నారు.

“ఎక్కువ పెడితేనే కదండీ జనం నా కొట్టుకొచ్చారు. ఉత్త తూకానికి ఊళ్ళో ఇంకో పది కొట్లున్నాయండి. ఇంకేమీ పట్టుకెళ్ళకుండా, ఉత్త నన్ను చూసి, మా అమ్మాయి తలుపు ఎందుకు తీస్తుందండి?”

అప్పటిదాకా ఆయన మీద నాకున్న కోపం ఎటు పోయిందో తెలియలేదు. పెద్దమనిషి, అరవై నాలుగేళ్ళవాడు, వెన్న రాసిన పెనం ముందు నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నారు. నేను ఏదో ఓదార్పు మాట అనబోయాను. తాయారమ్మ గారు వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తి నన్ను ఆపారు.

ఆయన పోశారు. గుంటకి సగం. పెనాన్ని ఓవెన్లో పెట్టి, గరిటెని గిన్నెలో వేసి, గిన్నెని తీసుకెళ్ళి పెరట్లో కుళాయి కింద పెట్టి నీళ్ళు వదిలేశారు. అంచులకి అంటుకున్న పిండి పోయేదాకా కడిగారు. తరవాత రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని ఓవెన్ ముందు పీట మీద కూర్చున్నారు. పావుగంట కదల్లేదు.

పెనం బోర్లిస్తే ఆరు డోనట్లు రాలాయి. గోధుమరంగులో, నడుమ చిల్లుతో, ఒకదానికొకటి అంటకుండా. ఆయన వాటిని టిఫిను డబ్బాలో సర్దుకుంటూ “దారిలో ఒక చిన్న కేకు...” అన్నారు. మేమిద్దరం ఒక్కసారే చూశాం. “లేదులెండి,” అని జేబులోని జీడిపప్పు పొట్లం తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు.

ఆ తరవాతి మంగళవారం గీత మొదలుపెట్టకముందే ఆయన వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. మొహం చూస్తే సంతోషమో కంగారో తెలియలేదు.

“డబ్బా ఇచ్చానండి. మా అమ్మాయి మూత తీసి లెక్కబెట్టి, నా వెనకాల ఆటో ఏదైనా ఉందేమోనని వీధిలోకి తొంగి చూసిందండి. ఏమీ లేదు. కాసేపు కూర్చోండి నాన్నా అంది. పిల్ల చెవులు చూసి ఏదో చెప్పబోయి నోరు మూసుకున్నానండి. పది నిమిషాలు కూర్చుని, కాఫీ తాగి, వస్తానమ్మా అని లేచాను. గేటు దాకా వచ్చాను.” ఆయన ఒకసారి మా అందరి వంకా చూశారు. “వెనకాల నుంచి పిలిచిందండి. అప్పుడేనా నాన్నా, అన్నం తినేసి వెళ్ళండి అంది. పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో ఆ మాట ఎప్పుడూ అనలేదమ్మా. నేనెన్ని పట్టుకెళ్ళినా అనలేదు. ఇన్నాళ్ళూ ఎందుకు అనలేదంటారు?”

తాయారమ్మ గారు పుస్తకం తెరవబోయి ఆగారు. మళ్ళీ ప్రశ్న! ఆవిడ మొహంలో విసుగు చూసి, ఈసారి ఆయన చేతికి ఏ పని వస్తుందోనని మేమంతా వెనక్కి జరిగాం. ఆవిడ ఏ పనీ చెప్పలేదు.

“అనడానికి ఆ పిల్లకి సందు ఎప్పుడిచ్చావయ్యా?” అన్నారు.