తన ఆకలి తాను చెప్పిన మాణిక్యం

నాకో మంచి గుణం ఉంది అమ్మడూ, గొప్పలు చెప్పుకోను. నా అంత బాగా కథ చెప్పేవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరని ఒక్కరితోనూ అనను. వాళ్ళే అనేదాకా ఓపిగ్గా కూర్చుంటాను. ఇంతవరకూ ఎవరూ అనలేదు, అది వేరే సంగతి. ఇలా దగ్గరికి జరుగు.

అనగా అనగా, కాలవ ఒడ్డున ఒక నేతగాళ్ళ ఊరు. ఏ ఇంట్లో మగ్గం ఆగకుండా మోగితే ఆ ఇల్లు చల్లగా ఉందని ఆ ఊరి నమ్మకం. భావనారాయణ ఇంట్లో మగ్గం అందరికంటే ముందు మొదలయ్యేది, అందరికంటే వెనక ఆగేది. "ఆ మాణిక్యానిది ఎంత అదృష్టమే! మొగుడు క్షణం విడిచి ఉండడు," అని వీధి వీధంతా మెచ్చుకునేది. ఆ మెచ్చుకోవడంలో మీ అమ్మమ్మ గొంతే, అంటే నా గొంతే, పెద్దది.

మాణిక్యం కాపరానికొచ్చిన కొత్తలో భావనారాయణ, "నువ్వు పుట్టింటికి వెళ్తే నాకు అన్నం సహించదు," అన్నాడు. ఎంత ప్రేమో అనుకుని మాణిక్యం వెళ్ళడం మానేసింది.

ఆ తర్వాత, "ఆ ఆడవాళ్ళ మాటలు వింటే నీ మనసు పాడవుతుంది," అన్నాడు. నిజమే కాబోలనుకుని వీధిలో మాటలు మానేసింది. అయినా అతను బజారుకెళ్ళి రాగానే ఆమె అరికాళ్ళు చూసేవాడు, మట్టి అంటిందా లేదా అని. అంటితే అరిచేవాడు కాదు, కొట్టేవాడు కాదు. మూడు రోజులు పలికేవాడు కాదు, అంతే. ఆ మూడు రోజులూ మాణిక్యానికి ఊపిరాడేది కాదు.

ఆ తర్వాత, "నీకేం తెలీదు, నేనున్నాగా," అన్నాడు. అప్పటినుంచి ఏ చీర కట్టాలో, ఎప్పుడు పడుకోవాలో అతనే చెప్పేవాడు. చివరికి ఒకరోజు కంచం ముందు నిలబడి మాణిక్యం అడిగింది కదా, "ఏమండీ, నాకు ఆకలేస్తోందా?"

నవ్వకే! తన ఆకలి కూడా ఇంకొకర్ని అడిగి తెలుసుకునేదాకా వచ్చిందంటే, ఆ పిల్ల ఎంత దూరం పోయిందో చూడు. గుమ్మం దాటకుండానే పోయింది.

అలా మూడేళ్ళు.

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. నేసేముందు పడుగుని, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగుల్ని, వీధి పొడుగునా సాగదీసి గంజి పట్టిస్తారు. నలుగురూ వచ్చి కుంచెలతో దువ్వుతారు. పడుగు ఎవరిదైతే ఆ ఇంటి మొగుడూ పెళ్ళాం చెరో కొసన తాడు పట్టాలి. గంజి ఆరేదాకా తాడు సడలకూడదు. సడలిందా, పోగులన్నీ అతుక్కుని నెల రోజుల కష్టం ముద్దైపోతుంది. మాణిక్యం బదులు ఎప్పుడూ అత్తగారే పట్టేది. ఆ ఏడు ఆవిడ చెయ్యి బెణికింది.

అలా ఒకరోజు పొద్దున్నే భావనారాయణ ఆ కొసన, మాణిక్యం ఈ కొసన నిలబడ్డారు. మధ్యలో నలభై మూరల తెల్లటి పడుగు.

పక్కింటి వీరాయమ్మ అందరికీ అంబలి పోస్తూ మాణిక్యం దగ్గరికొచ్చింది. "ఏమే పిల్లా, ఆకలేస్తోందా?"

మాణిక్యం ఆ కొస వైపు చూసింది. అక్కణ్ణుంచే భావనారాయణ కేకేశాడు. "దానికి ఆకలి లేదు పిన్నీ!"

"నిన్నెవడడిగాడ్రా? నీ కడుపు అక్కడుంది, దీని కడుపు ఇక్కడుంది!"

వీధంతా నవ్వింది. మాణిక్యం నవ్వలేదు. చెవిలో ఎవరో మాట్లాడుతున్నట్టు తల వంచి చాలాసేపు విన్నది. అప్పుడు మెల్లగా అంది, "వేస్తోంది."

"చేతులు నొప్పా?"

"నొప్పే."

"మరేం కావాలే తల్లీ నీకు?"

"మా అమ్మని చూడాలి."

కుంచెలు ఆగిపోయాయి. "మాణిక్యం! తాడు వదిలావో, చూడు!" అన్నాడు భావనారాయణ. ఆమె వదల్లేదు. ఆ పోగుల్లో తన కష్టమూ ఉంది కదా. అప్పుడు వీరాయమ్మ అంబలి ముంత కింద పెట్టి, "ఇలా తే," అని తాడు తను పట్టుకుంది.

మాణిక్యం అరుగు మీద కూర్చుని, వీధి మొత్తం చూస్తుండగా, అంబలంతా తాగింది. మూతి తుడుచుకుని లేచింది.

వాళ్ళమ్మ ఊరికి దారి భావనారాయణ నిలబడ్డ వైపే. పడుగు పక్కనే, నలభై మూరలూ నడిచింది. దువ్వేవాళ్ళు ఒక్కొక్కరే పక్కకి తప్పుకున్నారు. మీ అమ్మమ్మ నోరు మూసుకోవడం ఆ ఊరు చూసింది ఆ రోజే.

సగం దూరంలో ఉండగా అతను గొంతు తగ్గించి, "నీ మంచికే కదా మాణిక్యం, నువ్వు లేకపోతే నేనేమైపోతాను?" అన్నాడు. కేకలకి ఆగని మనిషి ఆ మెత్తటి మాటకి ఆగిపోయింది. ఆమె కళ్ళు మూసుకుంది, తెరిచింది. ఇంకో అడుగు వేసింది.

అతని పక్కనుంచే వెళ్ళింది. చేయి చాస్తే అందే దూరం. చేయి చాస్తే తాడు పోతుంది. తాడే పట్టుకున్నాడు.

"నీతో ఇంక మాట్లాడను," అన్నాడు.

"సరేనండీ," అంది మాణిక్యం, కాలవ మీది వంతెన వైపు నడుస్తూనే.

మళ్ళీ వచ్చిందా అంటావా? అతను మూడుసార్లు వెళ్ళి పిలిచాడు. మూడుసార్లూ ఆమె ఎవర్నీ అడక్కుండా, తనే కూర్చుని ఆలోచించి, రానంది. వాళ్ళమ్మ వసారాలో సొంతంగా మగ్గం వేసుకుంది.

ఇంత చెప్పానా! ఇప్పటికీ ఏ కొత్త పెళ్ళికూతురైనా, "మా ఆయన నన్ను అడుగు బయట పెట్టనివ్వరండీ," అని నవ్వుతూ చెబితే, "ఎంత అదృష్టమే!" అన్న మాటే ముందు నా నోట్లోంచి వచ్చేస్తుంది. ఆ తర్వాత నాలుక కరుచుకుంటాను. ముందే కరుచుకోవడం ఈ ముసలిదానికి ఇంకా రాలేదు.

కథేమో కంచి బండెక్కింది,
కునుకేమో కళ్ళకెక్కింది,
ఇక మన ఇంట్లో దీపం తగ్గింది.