రాజుగారి రెండు చిరునామాలు

కాంచనవరం అని ఒక రాజ్యం ఉండేదట. అక్కడ ఏనుగులూ ఉండేవి, ఇంటర్నెట్టూ ఉండేది. రెండూ ఒకే కాలంలో ఎలా ఉన్నాయని అడిగేవాళ్లకు ఈ కథ చెప్పడం నావల్ల కాదు.

రాజుగారి పేరు ఉద్దండవర్మ. పొద్దున్నే పళ్లయినా తోముకోకుండా సెర్చ్‌లో తన రాజ్యం పేరు కొట్టి చూసుకోవడం ఆయనకు అలవాటు. ఒకనాడు అలా కొట్టగానే అన్నిటికంటే పైన 'కాంచనవరం సూరమ్మ గారెల కొట్టు' అని వచ్చింది. రాజుగారి వెబ్‌సైట్ ఏడో స్థానంలో ఒకసారి, ఎనిమిదో స్థానంలో ఇంకోసారి కనబడింది.

వెంటనే వెబ్‌సైట్ చూసుకునే చెన్నప్పను కొలువుకు ఈడ్చుకొచ్చారు.

"ఏమయ్యా, నా సింహాసనాన్ని గారెల మూకుడు కింద పెట్టావా?" అని గర్జించారు రాజుగారు.

"ప్రభూ, మన సైటుకు చిరునామాలు రెండున్నాయి. ఒకటి ఉంచుకుంటే తప్ప పైకి రాదు," అన్నాడు చెన్నప్ప.

ఆ రెండూ ఎలా వచ్చాయో ఊరందరికీ తెలుసు. పెద్దరాణిగారు ముందు మూడు డబ్ల్యూలు పెట్టి ఒక చిరునామా ప్రారంభించారు. డబ్ల్యూలుంటేనే రాజసమని ఆవిడ నమ్మకం. అది చూసి చిన్నరాణిగారు రెండు రోజులు అన్నం మానేశారు. అందుకని డబ్ల్యూలు లేకుండా, నాజూగ్గా, ఆవిడ చేత ఇంకో చిరునామా ప్రారంభం చేయించారు. ఏది కొట్టినా వచ్చేది అవే పేజీలు, అదే రాజుగారి మీసం.

మహామంత్రి గంభీరయ్య నవ్వాడు. ఆయనకు కంప్యూటర్ ఆన్ చేయడం రాదు గానీ, దాని గురించి మాట్లాడమంటే మాత్రం పొద్దుగూకేదాకా మాట్లాడతాడు. "ఒక చిరునామా ఉంటే ఒక కీర్తి. రెండుంటే రెట్టింపు కీర్తి. ఇది కూడా తెలియని వాడికి జీతం దండగ ప్రభూ!"

"విన్నావా?" అన్నారు రాజుగారు. "రాణుల జోలికి పోకుండా వేరే ఉపాయం చెప్పు. నా పుట్టినరోజు కొలువులోగా చెప్పలేదో, గుండు కొట్టించి, గాడిదెక్కించి, పొలిమేర దాటిస్తా!"

చెన్నప్పకు పెళ్లి కుదిరి నెల కూడా కాలేదు. గుండుతో గాడిదెక్కినవాడికి పిల్లనెవడిస్తాడు? ఇంటికి వెళుతుంటే ముందు ఏడుపొచ్చింది. తర్వాత ఒళ్లు మండింది. ఇల్లు చేరేసరికి ఉపాయం తట్టింది.

మర్నాడు వచ్చి చేతులు కట్టుకుని అన్నాడు. "ప్రభూ, పుట్టినరోజున ప్రజల అభిమానం ఎంతో చూద్దాం. తెర వెనక బుట్టలు పెడదాం. మనిషికో పువ్వు. ఎవరంటే ఇష్టమో వాళ్ల బుట్టలో వేస్తారు. పోటీకి సూరమ్మ పేరూ పెడదాం."

పొగడ్తంటే చెవి కోసుకునే రాజుగారు వెంటనే ఒప్పుకున్నారు.

"తమరి బుట్ట ఎవరి చేత అల్లించమంటారు ప్రభూ? పెద్దరాణిగారి చేతనా, చిన్నరాణిగారి చేతనా?" అని అమాయకంగా అడిగాడు చెన్నప్ప.

రాజుగారి ముఖం పాలిపోయింది. మంత్రి అడ్డుపడ్డాడు. "ఇద్దరి చేతా అల్లించు! రాజుగారికి రెండు బుట్టలుంటే రెట్టింపు వైభవం!"

"చిత్తం," అన్నాడు చెన్నప్ప. అతనికి కావలసిందీ అదే.

పుట్టినరోజున మూడు వందల మంది వరసగా తెర వెనక్కి వెళ్లొచ్చారు. రాజుగారి రెండు బుట్టల ముందు నిలబడి ఎందులో వెయ్యాలో తేలక కొందరు అటు వేశారు, కొందరు ఇటు వేశారు. ఆ తర్వాత నిండు కొలువులో లెక్క చదివారు. పెద్దరాణి బుట్టలో తొంభై ఆరు, చిన్నరాణి బుట్టలో ఎనభై నాలుగు, సూరమ్మ బుట్టలో నూట ఇరవై.

వెనక వరసలో సూరమ్మ సంబరపడాలో పారిపోవాలో తెలియక కొంగు నోట్లో కుక్కుకుంది.

"నాకంటే గారెలే ఎక్కువా ఈ జనానికి?" అన్నారు రాజుగారు. పాపం, ఆయనకు నిజంగానే కష్టం వేసింది.

"కాదు ప్రభూ. తమరి బుట్టలు రెండూ కలిపి లెక్కపెట్టించండి," అన్నాడు చెన్నప్ప.

కలిపి లెక్కపెడితే నూట ఎనభై వచ్చాయి.

"మరి నాకు రెండు బుట్టలు పెట్టిన మూర్ఖుడెవడు?"

కొలువంతా మంత్రి వైపు తిరిగింది. మంత్రి తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

"సెర్చ్ ఇంజిన్‌కు తమరి మీసం తెలియదు ప్రభూ," అన్నాడు చెన్నప్ప. "ఈ సైటు బాగుందని ఎంతమంది వేలు చూపిస్తే దానికంత గౌరవం ఇస్తుంది. సగం మంది అటూ సగం మంది ఇటూ చూపిస్తుంటే, దాని కంటికి తమరు ఒక రాజు కాదు, ఇద్దరు అరరాజులు. పైగా రెండు చోట్లా ఒకే రాత. ఏది అసలో, ఏది చూసి రాసిందో దానికి తేలదు."

అరరాజు అనగానే భటుల చేతులు కత్తుల మీదికి వెళ్లాయి. రాజుగారు ఒక్క క్షణం గుడ్లురిమి చూసి, పకపకా నవ్వేశారు. నవ్వి నవ్వి, చెన్నప్పను దగ్గరికి పిలిచి చెవిలో గొణిగారు. "అంతా బాగానే ఉంది గానీ, ఏది తీసెయ్యమంటావురా? ఆ చిరునామా తాలూకు అంతఃపురంలో నాకిక అన్నం పుట్టదు."

"ఏదీ తీసెయ్యొద్దు ప్రభూ. డబ్ల్యూలున్నదాన్ని అసలు చిరునామాగా ఉంచుదాం. రెండోదాని తలుపు తట్టినవాణ్ణి తట్టినట్టే ఇక్కడికి పంపించేద్దాం. జనం వచ్చి చేరేది మీ ఇంటికేనని పెద్దరాణిగారికి చెప్పించండి. జనాన్ని పంపించేది మీరేనని చిన్నరాణిగారికి చెప్పించండి. రెండూ నిజమే కదా!"

రాజుగారు మళ్లీ నవ్వి, మెడలోని పచ్చల హారం తీసి చెన్నప్ప మెడలో వేశారు. గాడిదను విప్పి పంపెయ్యమన్నారు. పెళ్లి ఖర్చంతా కోటదేనన్నారు.

"మరి చిన్నరాణికి ఈ సంగతి చెప్పేదెవరు?" అన్నారు చివరికి.

"రెట్టింపు కీర్తి గురించి బాగా తెలిసినవారు మంత్రిగారే ప్రభూ," అన్నాడు చెన్నప్ప.

రెండు నెలలకు కాంచనవరం రాజుగారి సైటు మొదటి స్థానానికొచ్చింది. సూరమ్మ కొట్టు రెండో స్థానంలో హాయిగా ఉంది. ఆ పుట్టినరోజున చిన్నరాణి మందిరంలోకి వెళ్లిన మంత్రిగారు ఎలా బయటికొచ్చారన్నది మాత్రం ఎంత వెతికినా ఏ సైటులోనూ దొరకదు.