ఇరవైనాలుగో చిప్పు

శనివారం పొద్దున నాగవేణి ఇరవైనాలుగు చిప్పులను ఒక స్టీలు ప్లేటులో పోసుకొని ఉస్తాద్ బల్ల ముందు నిలబడింది. కండ్ల నిండా నీళ్ళు.

"అన్నీ చచ్చిపోయినాయి ఉస్తాద్. నేనే చంపేసినా."

ప్రొద్దుటూరులో మా రిపేరు షాపుకు ఓనరూ, మాకు గురువూ దస్తగిరి ఉస్తాదే. డెబ్బై ఏండ్ల మనిషి, రేడియోల కాలం నుంచీ టంకం పెట్టిన చెయ్యి. చెవులు సరిగ్గా వినపడవు, కుడి చెవికి మిషన్ పెట్టుకుంటాడు. నేను సుబ్బయ్యను, మోటార్లకు వైండింగ్ చుట్టేవాణ్ణి. నాగవేణి పాలిటెక్నిక్ చదివి మా దగ్గర చేరి ఏడాదయింది. తెలివి ఎక్కువ, ఓపిక తక్కువ. ఈ మాట ఆ పిల్ల మొగం మీదే అంటాను, నాకేం భయం?

ఊరి చివర వినికిడి లేని పిల్లల బడి ఉంది. అక్కడ గంట కొట్టి లాభం లేదు. పాపం బడిలో పనిచేసే ఆయమ్మ ప్రతి పీరియడ్‌కూ గదిగదికీ పరిగెత్తి, చెయ్యి ఊపి చెప్పాల. నాగవేణి అది చూసి వచ్చి, గంటకు బదులు దీపాలు చేసిస్తానని తనే మాటిచ్చింది. ఆఫీసులో బటన్ నొక్కితే ఇరవైనాలుగు గదుల్లో ఒకేసారి దీపం మెరవాల. సోమవారం బడి తెరుస్తారు. దీపాలు గోడలకు బిగించి వచ్చినాం కూడా, పరీక్షకని అదనంగా చేసిన ఒకటి మాత్రం షాపులో ఉంది. లోపల చిప్పులు పెట్టడమే తక్కువ.

ఆ చిప్పుకు ఎనిమిది కాళ్ళు. ఒక కాలికి మాత్రం ఏ పనీ ఉండదు. మనం కొత్త పని నేర్పేటప్పుడు చిప్పును పిలవడానికి అది వాకిలి మాదిరి. "ఏడు కాళ్ళు కష్టపడుతుంటే ఇదొక్కటి కూర్చొని తింటాంది సుబ్బన్నా" అని నవ్వి, నాగవేణి దానికీ ఒక పని పెట్టింది. బ్యాటరీ తగ్గితే ఎర్రబల్బు వెలిగించే పని. తెలివైన పనే. కాకపోతే ఒకసారి ఆ కాలికి పని పెడితే వాకిలి మూసుకుపోతుంది. చిప్పు ఇంక ఎవరు పిలిచినా పలకదు.

అప్పుడు కనబడింది తప్పు. ఇరవై సెకన్లు మెరవాల్సిన దీపం రెండు సెకన్లకే ఆరిపోతాంది. చిప్పులోకి ప్రోగ్రాం రాసేటప్పుడు ఒక సున్నా మరిచిపోయింది. తల వంచుకొని రాసుకునే పిల్లలకు రెండు సెకన్లలో ఏం కనపడుతుంది?

మా షాపులో ఒక పద్ధతి ఉంది. ఏది చేసినా మొదటి పీసు ఒక పూటంతా ఉస్తాద్ బల్ల మీద పనిచెయ్యాల. ఆ తర్వాతే రెండోదాన్ని ముట్టుకునేది. ఇరవై ఏండ్లుగా నాకు ఆ పద్ధతంటే విసుగే, నాగవేణికీ విసుగే. శుక్రవారం ఉస్తాద్ నమాజుకు పోయి వచ్చేలోపల ఇరవైనాలుగు చిప్పులకూ ఒక్క ఊపున రాసేసింది. కొత్తవి బెంగుళూరు నుంచి రావాలంటే పది రోజులు.

"చచ్చినాయని ఎవరు చెప్పినారు?" అన్నాడు ఉస్తాద్.

"ఎన్నిసార్లు పిలిచినా పలకడంలేదు ఉస్తాద్! రాత్రి నుంచీ పిలుస్తానే ఉన్నా. పిల్లలకు ఏమని చెప్పాల? ఆయమ్మకు మొగం ఎట్లా చూపించాల?" అని ఇంక ఆపకుండా ఏడుపు.

ఉస్తాద్ కాసేపు విన్నాడు. తర్వాత చెవి మిషన్ తీసి జేబులో వేసుకున్నాడు. మోచేతులు బల్ల మీద ఆనించి కండ్లు మూసుకున్నాడు.

"ఉస్తాద్?" అనింది నాగవేణి.

ఉలుకూ పలుకూ లేదు.

"ఉస్తాద్!"

నా పక్కకు తిరిగి చూసింది. "నన్ను చూస్తావేంది, నాకేం తెలుసు?" అన్నా.

గొంతు పెంచి అరిచింది. రోడ్డు మీద సోడాబండి ఆయన ఆగి చూసినాడు గానీ ఉస్తాద్ మాత్రం కదల్లేదు. ఆ పిల్లకు ఏడుపు పోయి కోపం వచ్చింది. అరచేత్తో బల్ల మీద దబీమని చరిచింది. ప్లేటులో చిప్పులు ఎగిరిపడినాయి.

ఉస్తాద్ కండ్లు తెరిచి, నిదానంగా మిషన్ పెట్టుకున్నాడు. "చెప్పు బిడ్డా."

"ఇంతసేపూ చెప్తానే ఉన్నా కదా!"

"చెవికి చెప్పినావు" అని, ముందరున్న యాంప్లిఫయరు పనిలో పడిపోయినాడు.

ఆ ఏడుపు భరించలేక మిషన్ తీసేసినాడని నేను ఇప్పటికీ అంటాను. ఆయన ఔననడు, కాదనడు.

నాగవేణి ఎర్రబడిన అరచేతిని చూసుకుంది. తర్వాత, పిలవడానికి ఇంకో దారి ఉందేమోనని ఆ చిప్పు గురించి కంపెనీవాళ్ళు ఇచ్చిన కాగితాలు ముందరేసుకొని కూర్చుంది. రెండొందల పేజీలు. అంతకుముందు ముప్పై పేజీలు చదివి, అంతా తెలుసులే అని మూసిపెట్టినవి. మధ్యాన్నం నేను సద్ది మూట విప్పుతాంటే ఒక్క కేక పెట్టింది.

"సుబ్బన్నా! పన్నెండు!"

"పన్నెండేంది?"

"మామూలుగా ఐదు వోల్టులతో పిలుస్తాం కదా, దానికి పలకదు. అదే కాలికి పన్నెండు వోల్టులు ఇచ్చి పిలిస్తే ఉలిక్కిపడి లేస్తుందంట!" అని నా వీపు మీద ఒక్కటి చరిచింది. పొలమారి చచ్చేవాణ్ణి.

ఆదివారం పొద్దున చిప్పులను లేపే పనిముట్టు తయారయింది. పనిముట్టంటే పెద్ద యంత్రమేం కాదు. పాత పెన్సిల్ బాక్సు మూత మీద చిప్పు కూర్చోవడానికి ఒక సాకెట్టు, ఒక ట్రాన్సిస్టరు, నాలుగైదు రెసిస్టర్లు, చెప్పాల్సిన మాట చెప్పే చిన్న బోర్డు ఒకటి, ఒక బటన్, ఒక పచ్చబల్బు. పన్నెండు వోల్టులకు నా స్కూటర్ బ్యాటరీ ఊడబీకింది. అడిగిందా అంటే, ఊడబీకినాక అడిగింది.

మొదటి చిప్పు పెట్టి బటన్ నొక్కింది. చుయ్‌మని పొగ. కంగారులో చిప్పును తిరగేసి పెట్టింది.

ఉస్తాద్ దాన్ని చేతిలోకి తీసుకొని వాసన చూసినాడు. "ఇది చచ్చింది" అన్నాడు.

నాకు నవ్వు ఆగలేదు. నాగవేణి ఏడుస్తుందేమో అనుకుంటే ఆ పిల్లా నవ్వింది. సంచిలోంచి గోళ్ళరంగు తీసి, చిప్పు తల ఏ పక్కకు ఉండాలో సాకెట్టు దగ్గర ఎర్రచుక్క పెట్టింది. ఇంకొక చిప్పు తీసి, చుక్క చూసి పెట్టి, ఊపిరి బిగబట్టి నొక్కింది.

పచ్చబల్బు వెలిగింది!

వాకిలి తెరుచుకుంది. సున్నా సరిచేసి రాసి, దీపానికి పెట్టి చూస్తే ఇరవై సెకన్లు మెరిసింది. "కానీ కానీ, మిగిలినవి కానీ!" అని నేను గంతులేస్తాన్నా.

"ఉండన్నా" అనింది. ఆ చిప్పున్న దీపాన్ని తీసుకుపోయి ఉస్తాద్ బల్ల మీద పెట్టింది. "మొదటి పీసు."

సాయంత్రం నాలుగు దాకా, నొక్కినప్పుడల్లా అది ఇరవై సెకన్లూ మెరుస్తానే ఉంది. ఉస్తాద్ దాన్ని చూస్తా రెండు టీలు తాగినాడు. నేను తిట్టుకుంటా నాలుగు తాగినా. తర్వాత మిగిలినవన్నీ గంటలోపలే లేచినాయి. మొత్తం ఇరవైమూడు.

తక్కువ పడింది ఒకటే. ఏ గదికి ఆపుదామంటే ఏ గదికీ మనసొప్పలేదు. చివరకు కొత్తగా చేరే చిన్నపిల్లల గది మిగిలింది.

"ఆ గది ముందు నేనే నిలబడి చెయ్యి ఊపుతాలే" అనింది నాగవేణి.

ఉస్తాద్ స్టూలెక్కి అటక మీద చెయ్యి పెట్టి తడిమినాడు. తుప్పుపట్టిన బిస్కెట్ డబ్బా ఒకటి దించి, స్క్రూడ్రైవరుతో మూత లేపినాడు. లోపల దూది, దూదిలో ఏడు చిప్పులు. అవే ఎనిమిది కాళ్ళవి.

"ఎవరివి ఉస్తాద్ ఇవి?"

ఉస్తాద్ తల గోక్కున్నాడు. "నావే. తొమ్మిదేండ్ల కింద. నేనూ ఆ కాలికి పని పెట్టినా."

"నాకు ఒక్క మాటైనా చెప్పలేదే!" అన్నా నేను.

"నువ్వు నవ్వుతావని."

నవ్వినా మరి, ఎందుకు నవ్వను? మొదటి పీసు పద్ధతి పెట్టిన మనిషి ఆయనే కదా. ఆ పద్ధతి ఎప్పుడు పెట్టినాడో తెలుసు గానీ, ఎప్పుడు తప్పినాడో నాకు అప్పుడే తెలిసింది.

ఏడింట్లో ఒకటి తీసి చుక్క చూసి పెట్టింది నాగవేణి. పచ్చబల్బు వెలిగింది. కింద చతికిలబడి నవ్వుతుందో ఏడుస్తుందో తెలీకుండా కూర్చుంది.

సోమవారం పొద్దున్నే బడికి పోయి చిప్పులన్నీ పెట్టి, ఆయమ్మ చేతనే బటన్ నొక్కించినాం. ఇరవైనాలుగు గదుల్లో దీపాలు మెరిసినాయి. చిన్నపిల్లలు మొదట బిత్తరపోయి చూసినారు. పంతులమ్మ చేతులతో ఏదో చెప్పింది. అంతే, గదిలో అందరూ రెండు చేతులూ పైకెత్తి గలగలా ఊపినారు. వాళ్ళ చప్పట్లు అవేనంట. పరిగెత్తే పని లేక ఆయమ్మ మెట్ల మీద కూర్చొని నవ్వుతా ఉంది. నాకైతే కండ్లు మసకలు కమ్మినాయి, ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

ఉస్తాద్ చిన్నపిల్లల గది కిటికీ ఊచ పట్టుకొని లోపలికి చూస్తా ఉన్నాడు. నాగవేణి పక్కన నిలబడింది.

"ఉస్తాద్, పలకని చిప్పులను తొమ్మిదేండ్లు ఎందుకు దాచినారు?"

ఆయన తిరగలేదు. మిషన్ జేబులో ఉంది. నాగవేణి గొంతు పెంచలేదు. ఆయన పట్టుకున్న ఊచ మీద వేలితో రెండుసార్లు తట్టింది. ఉస్తాద్ తిరిగి, మిషన్ పెట్టుకున్నాడు. ఆ పిల్ల మళ్ళీ అడిగింది.

"బాగుచెయ్యడం నాకు రాలేదు బిడ్డా" అన్నాడు. "పారెయ్యడమూ రాలేదు."