పూతరేకులవాళ్ళ పాస్‌పోర్టులు

తెలివి అనేది తమ ఇంట్లోనే పుట్టి, మిగతా ఇళ్ళకి అక్కణ్ణించే కొంచెం కొంచెం వెళ్ళిందని పెదలంకపాలెంలో తాతబ్బాయి గట్టి నమ్మకం. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. తాతబ్బాయి, అతని పెళ్ళాం తాయారు, తమ్ముడు అబ్బులు. ముగ్గురికీ ఎంత తెలివంటే, ఎవరేం చెప్పినా ఒక్క అక్షరం జారిపోనివ్వకుండా చెప్పింది చెప్పినట్టు చేసేస్తారు.

ఒకసారి పోస్టుమాస్టరు జోగారావు గారు అబ్బులితో, "నీకో ఉత్తరం రావాలోయ్, వచ్చేదాకా ఇంట్లోనే ఉండు" అన్నాడు. సాయంత్రం దాకా అని ఆయన ఉద్దేశం. ఆ ఉత్తరం కాస్తా దారిలో ఎక్కడో తప్పిపోయింది. అంతే. అబ్బులు రెండు నెలలు గడప దాటలేదు. చివరికి జోగారావు గారే ఇంటికొచ్చి, ఎవరిదో పాత శుభలేఖ చేతిలో పెడితే గానీ వీధి మొహం చూడలేదు. "అంత మాట నిలబెట్టుకునేవాడు జిల్లాలో ఇంకోడున్నాడా?" అని తాతబ్బాయి ఊరంతా చెప్పుకున్నాడు.

వాళ్ళ పని పూతరేకులు చెయ్యడం. దానికి తాయారు దగ్గర ఒక కుండ ఉంది. పక్కకి నోరుండే పెద్ద కుండ. నోట్లో ఎండు కొబ్బరాకు మంట, వీపు మీద రేకు. పలచటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డని ఆ వేడి వీపు మీద ఒక్కసారి లాగితే, ఉల్లిపొర లాంటి రేకు లేచి వస్తుంది. పని చెయ్యడంలో తాయారుని మించినవాళ్ళు లేరు. ఆ ఒక్కటీ మాత్రం నేనూ ఒప్పుకోవాలి.

ఆ పేరు ఎలా పాకిందో ఏమో, మారిషస్ నుంచి పిలుపొచ్చింది. అక్కడి తెలుగువాళ్ళు ఉగాది ఉత్సవం చేసుకుంటున్నారట. జనం ముందు కూర్చుని రేకులు తీసి చూపించాలట. రానూ పోనూ పది రోజులు. ఇంకేముంది, ఇల్లంతా సంబరం. తాయారుకి మాత్రం ఒక్కటే బెంగ. గేదె గౌరి చూలుతో ఉంది, ఇవాళో రేపో అన్నట్టుంది. తొలి చూలు. పక్కింటివాళ్ళకి అప్పజెప్పి కూడా ఆవిడ మనసాగక, గేదె మెడ చుట్టూ చెయ్యేసి చెవిలో చెప్పింది. "పది రోజులేనే తల్లీ. నేనొచ్చేదాకా ఈనకు. నేను లేకుండా నువ్వు నొప్పులు పడితే నా ప్రాణం ఆగదే." చెప్పి ఏడ్చింది కూడా.

పాస్‌పోర్టులు తీయించి పెట్టింది జోగారావు గారే. బయల్దేరే ముందు ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. "దేశం కాని దేశం వెళ్తున్నారు. మీరెవరో అక్కడ ఎవరికీ తెలీదు. ఎవరేం అడిగినా నోరెత్తకండి. పాస్‌పోర్టు తీసి చూపించండి. ఏ దేశం వాళ్ళో అందులో ఉంటుంది."

"ఆయ్, అలాగేనండి" అన్నారు ముగ్గురూ.

విమానం ఎక్కారు. కుండ తాయారు ఒళ్ళో ఉంది. విమానంలో పనిచేసే అమ్మాయి వచ్చి, "కుండ పైన పెట్టమంటారా?" అని అడిగింది. తాతబ్బాయి పాస్‌పోర్టు చూపించాడు. ఆ అమ్మాయి నవ్వి, "మంచినీళ్ళు కావాలా?" అంది. అబ్బులు పాస్‌పోర్టు చూపించాడు. "కూర అన్నమా, చపాతీయా?" తాయారు పాస్‌పోర్టు చూపించింది. అమ్మాయి విసుగొచ్చి వెళ్ళిపోయింది. ముగ్గురూ ఆకలితో మాడిపోతూ కూర్చున్నారు.

"అన్నయ్యా, కడుపు కాలిపోతంది" అన్నాడు అబ్బులు.

"కాలనీరా. మన దేశం ఏదో ఆ పిల్లకి మూడుసార్లు తెలిసింది. అంతకంటే ఏం కావాలి?" అన్నాడు తాతబ్బాయి.

దిగాక అక్కడి ఆఫీసరు పాస్‌పోర్టు తీసుకుని, "నీ పేరేంటి?" అని అడిగాడు. తాతబ్బాయికి చిక్కొచ్చిపడింది. చూపించాల్సిన పాస్‌పోర్టేమో ఆయన చేతిలో ఉంది. చూపించడానికి తన దగ్గరేం లేదు. కాసేపు ఆలోచించి, చటుక్కున ఆయన చేతిలోంచి లాక్కుని, మళ్ళీ ఆయనకే చూపించాడు. ఆయన మళ్ళీ తీసుకుని మళ్ళీ అడిగాడు. ఇతను మళ్ళీ లాక్కుని మళ్ళీ చూపించాడు. అలా ఎంతసేపు జరిగేదో గానీ, తీసుకెళ్ళడానికొచ్చిన గురువయ్య గారు పరిగెత్తుకొచ్చి సర్ది చెప్పాడు.

గురువయ్య గారు ఆ ఉత్సవం జరిపే పెద్దమనిషి. ముత్తాతల కాలంలో వెళ్ళిన కుటుంబం. తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నాడు గనక పుస్తకంలాగే మాట్లాడతాడు. బజారులో పండ్లవాడికీ, కుక్కని తిప్పుకుంటున్న ముసలాయనకీ, సముద్రానికీ కూడా వీళ్ళు పాస్‌పోర్టులు చూపిస్తుంటే ఆయన గబగబా పక్కకి పిలిచాడు.

"అయ్యా, పాస్‌పోర్టును ఇట్లు అందరికీ చూపుట క్షేమము కాదు. ఎవరైనా అపహరింతురు. మీరు ప్రాణముతో సమానముగా చూసుకొను వస్తువు ఏదైనా ఉన్నదా?"

"ఉందండి. మా కుండండి" అంది తాయారు. తామెవరో తెలిసినాయన గనక ఆయనతో నోరెత్తొచ్చు.

"అయితే పాస్‌పోర్టులు దానిలో దాచుడు. నేను చెప్పువరకు తీయవద్దు."

"ఆయ్, తియ్యమండి."

అంతే. మూడు పాస్‌పోర్టులూ గుడ్డలో చుట్టి కుండలో పెట్టేశారు. ఇప్పుడు ఇంకో చిక్కు. చూపించడానికి పాస్‌పోర్టు లేదు కదా, మరి తాము ఏ దేశం వాళ్ళో జనానికి ఎలా తెలుస్తుంది? అడిగితే గురువయ్య గారు నవ్వి, "మీ కట్టూబొట్టూ చాలును. ఇక్కడివారిలో మీరు వేరుగా కనబడిన, వేరే దేశమువారని చూచువారే గ్రహింతురు" అన్నాడు.

ఉత్సవం రోజు పొద్దున తాయారు కిటికీలోంచి చూసి గుండెలు బాదుకుంది. వీధినిండా ఆడవాళ్ళు పట్టుచీరల్లో ఉన్నారు. తలలో పూలు, నుదుట బొట్లు. మగవాళ్ళేమో పంచెలు, కండువాలు.

"ఏమయ్యా, ఈళ్ళంతా మనలాగే తయారయ్యేరు! నేను చీర కట్టేనంటే నన్నూ ఈ దేశం మనిషే అనుకుంటారు గదా?"

తాతబ్బాయి తెలివిగా గెడ్డం గోక్కున్నాడు. "ఆయన చెప్పేడు గదే, ఏరుగా కనబడమని. ఈళ్ళు మన దేశంలా ఉన్నారు గాబట్టి, మనం మన దేశంలా ఉండకూడదు. అప్పుడే మనది మన దేశమని తెలుస్తది."

ఇంకేముంది! తాయారు బొట్టు చెరిపేసి, అబ్బులి ప్యాంటూ చొక్కా తొడుక్కుని, బజార్లో కొన్న గడ్డి టోపీ పెట్టుకుంది. అన్నదమ్ములిద్దరూ కొబ్బరిచెట్ల బొమ్మలున్న నిక్కర్లు వేసుకుని, నల్ల కళ్ళజోళ్ళు పెట్టుకున్నారు. ఆ వేషాలతో వేదిక దగ్గరికెళ్తే, ఇండియా నుంచి వచ్చినవాళ్ళ కోసం హారతి పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళు వీళ్ళని పక్కకి తప్పుకోమన్నారు. తాతబ్బాయికి ఆనందం పట్టలేదు. "చూసేవా? మనం ఇక్కడోళ్ళం కాదని ఎలా కనిపెట్టేసేరో!"

సరే, కుండని నోరు పక్కకి ఉండేలా పెట్టారు. తాయారు కొబ్బరాకు చేతిలోకి తీసుకుంది.

"వదినా, లోపల పాస్‌పోర్టులున్నాయి గదా?" అన్నాడు అబ్బులు.

"ఉంటే? ఆయన చెప్పేదాకా తియ్యొద్దన్నారు. ఎల్లి అడుగు."

అబ్బులు వెళ్ళాడు. గురువయ్య గారు వేదికెక్కి మాట్లాడుతున్నాడు. పెద్దవాళ్ళు మాట్లాడేటప్పుడు మధ్యలో దూరకూడదని వాళ్ళమ్మ చిన్నప్పుడు చెప్పింది. అబ్బులు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ రోజు గురువయ్య గారి ఉపన్యాసం మాతృదేశం గురించి. గంటంపావు పట్టింది. ఇక్కడ జనం ఎదురుచూస్తున్నారు. ఆకు వెయ్యొద్దని తాయారుకి ఎవరూ చెప్పలేదు కదా. వేసింది. అంటించింది.

ఆ రోజు వచ్చినంత తెల్లటి రేకు తన జన్మలో రాలేదని తాయారు ఇప్పటికీ చెబుతుంది. జనం చప్పట్లే చప్పట్లు. ఉపన్యాసం ముగించి గురువయ్య గారు దిగొచ్చాక, అబ్బులు వినయంగా, "పాస్‌పోర్టులు తియ్యొచ్చాండీ?" అని అడిగాడు.

"తీయవచ్చును నాయనా" అన్నాడు ఆయన.

తీశారు. బూడిద! తాయారు దాన్ని మూడు పొట్లాలు కట్టింది.

మర్నాడు గురువయ్య గారు వాళ్ళని ఆ వేషాలతోనే అక్కడున్న మన దేశపు ఆఫీసుకి తీసుకెళ్ళాడు. ఏడుపొక్కటే తక్కువ ఆయనకి. అక్కడి ఆఫీసరమ్మ తెలుగావిడే. గడ్డి టోపీ పెట్టుకున్న తాయారునీ, నిక్కర్లలో ఉన్న అన్నదమ్ములనీ పైనుంచి కిందిదాకా చూసి, "మీరు భారతీయులా? ఏదీ, పాస్‌పోర్టు చూపించండి" అంది.

తాతబ్బాయి పొట్లాలు విప్పాడు. "ఇది నాదండి. ఇది మా ఆడమనిషిదండి. ఈ నల్లగా ఉన్నది మా తమ్ముడిదండి, ఆడు కాస్త నలుపండి."

ఆవిడ తల పట్టుకుంది. ఏ రుజువూ లేకుండా తాను కాగితం ఇవ్వలేనంది. అప్పుడు గానీ తాయారుకి సంగతి బుర్రకెక్కలేదు. కాగితం లేకపోతే విమానం లేదు. విమానం లేకపోతే ఇల్లు లేదు. అక్కడే కూలబడి భోరుమంది. "నా గౌరమ్మ నాకోసం బిగబట్టుకునుంటదమ్మా! నేనెల్లకపోతే అది ఈనదు, ఈనకపోతే చచ్చిపోద్ది! నన్ను పంపెయ్యండమ్మా!"

ఆఫీసరమ్మకి సగం అర్థమైంది, సగం కాలేదు. కానీ ఆ ఏడుపు నాటకం కాదని తెలిసింది. కంప్యూటర్లో వెతికింది. పేర్లూ ఫోటోలూ దొరికాయి. ఆ ఫోటోల్లో చీర కట్టుకున్న మనిషి ఈ టోపీ మనిషేనా అని అనుమానమొచ్చి, పెదలంకపాలెం జోగారావు గారికి ఫోన్ చేసింది.

"మీ ఊరివాళ్ళమని ముగ్గురొచ్చారండి. పాస్‌పోర్టులు లేవు."

"ఏం చేశారండి?" అన్నాడు ఆయన.

"దాచమన్నారని కుండలో దాచారట. తియ్యమని చెప్పలేదని అలాగే మంట పెట్టారట."

అవతల జోగారావు గారు గట్టిగా నిట్టూర్చాడు. "అయితే మావాళ్ళేనండి. ఇంకే రుజువూ అక్కర్లేదు."

ఆవిడ ఇంకా రెండు మూడు చోట్ల అడిగి, నాలుగు రోజులు తిప్పి, ముగ్గురికీ ఫోటో ఉన్న కాగితం తలా ఒకటి ఇచ్చింది. అవి చూపిస్తే ఇంటికి చేరొచ్చు. ఆవిడకీ ఆపాటికి వీళ్ళ వాలకం తెలిసింది. అందుకే బాగా ఆలోచించి మరీ చెప్పింది. "ఇంటి గుమ్మం తొక్కేదాకా ఈ కాగితాన్ని వదలకూడదు. ఇది చాలా పలచన. మీ రేకుల్ని ఎంత జాగ్రత్త చేస్తారో, దీన్నీ అలాగే జాగ్రత్త చెయ్యండి."

"ఆయ్, అదేం భాగ్యమండి" అంది తాయారు కళ్ళు తుడుచుకుని. అది ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య.

విమానం ఎక్కేటప్పుడు కాగితాలు చూపించారు. సీట్లో కూర్చున్నాక తాయారు డబ్బా తీసింది. ఉత్సవంలో మిగిలిన రేకులున్నాయి. చిన్న సీసాలో నెయ్యి, పొట్లంలో బెల్లం పొడి ఉన్నాయి. రేకు మీద కాగితం పరిచి, వేలితో నెయ్యి రాసి, బెల్లం చల్లి, పైన ఇంకో రేకు కప్పి, అంచులు విరక్కుండా మడిచి చుట్టింది. మూడు కాగితాలూ మూడు పూతరేకులయ్యాయి. ఏది ఎవరిదో తెలియాలి కదా, అబ్బులిదాని మీద జీడిపప్పు పెట్టింది. తాతబ్బాయి చూసి మెచ్చుకున్నాడు. ఇంత జాగ్రత్త గవర్నమెంటోళ్ళకి కూడా ఉండదన్నాడు.

హైదరాబాదులో దిగారు. బల్ల దగ్గర పెద్ద మీసాలాయన కూర్చున్నాడు. పొద్దుట్నుంచీ జనంతో విసిగిపోయి ఉన్నాడు. "కాగితాలు చూపించండమ్మా" అన్నాడు.

తాయారు డబ్బా మూత తీసి, జీడిపప్పుదాన్ని రెండు చేతులా అందించింది.

"ఇవన్నీ ఇక్కడ తీసుకోకూడదమ్మా."

"అయ్యో, తీసుకోపోతే ఎలా బాబూ? మా గేదె ఈనడానికుంది. మీరిది తీసుకుంటేనే గదా మేం ఇంటికెల్లేది!" తాయారు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మీసాలాయనకి జాలేసింది. పైగా నేతి వాసన ముక్కుని లాగేస్తోంది. అటూ ఇటూ చూసి, రెండే ముక్కల్లో నోట్లో వేసుకున్నాడు.

అబ్బులు అన్న చెవిలో, "అన్నయ్యా, తినేత్తన్నాడేంటి?" అన్నాడు.

"ఊరుకోరా. అక్కడ కంప్యూటర్లో పెట్టి చూసేరు. ఇక్కడ నోట్లో పెట్టుకుని చూస్తారు కావాలి" అన్నాడు తాతబ్బాయి.

ఆయన నమిలి నమిలి మింగి, మూతి తుడుచుకుని, "బాగుందమ్మా. కాస్త నార తగిలింది గానీ రుచి అమోఘం. ఇక కాగితాలు తియ్యండి" అన్నాడు.

"ఇప్పుడు తమరు మింగింది మా అబ్బులిదండి. మా ఆయనదీ నాదీ డబ్బాలో ఉన్నాయి. అవీ చూసేస్తారా?" అంది తాయారు.

మీసాలాయన డబ్బాలోకి వంగి ఒక రేకు విప్పి చూశాడు. నేతిలో తడిసి, బెల్లం అద్దుకుని, తాతబ్బాయి ఫోటో ఆయన్ని చూసి నవ్వుతోంది. ఆయన గబుక్కున పొట్ట మీద చెయ్యి పెట్టుకున్నాడు.

తాతబ్బాయి క్షణం కూడా తడబడలేదు. ఆఫీసరమ్మ చెప్పిన ప్రతి మాటా అతనికి గుర్తుంది. ఇంటి గుమ్మం తొక్కేదాకా కాగితాన్ని వదలకూడదు.

"అబ్బులూ, పట్టుకోరా!" అన్నాడు.

అంతే. బల్ల దాటి వెళ్ళి, ఆ మీసాలాయన్ని అన్న ఒక జబ్బా, తమ్ముడు ఒక జబ్బా పట్టుకుని లేవదీశారు. తాయారు కుండ చంకనెత్తుకుని ముందు నడుస్తూ వెనక్కి తిరిగి చెప్పింది.

"గబగబా రండి బాబూ. మా గౌరమ్మ ఇంక ఆగలేదు. ఊళ్ళో మా అబ్బుల్ని దింపేసి, సాయంత్రం బండికి వచ్చేద్దురు గాని."