పువ్వైపోయిన వేగు

గోడలకు చెవులుంటాయంటారు. ఆ వేసవిలో ఆ అడవిలో రాళ్లకు కళ్లు కూడా వచ్చాయి.

మడుగులన్నీ ఎండిపోయి, బండల చాటున ఒక్క ఊట మిగిలింది. పాత మడుగు దగ్గర మాటు వేసిన వేటగాళ్లు దుప్పి పెనిమిటిని అప్పటికే కాల్చేశారు. ఇక ఆ ఊట జాడ తీయడానికి బల్లి అంత యంత్రాన్ని అడవిలోకి వదిలారు. అది చూసింది వాళ్ల చేతిలోని తెర మీద కనిపిస్తుంది. జంతువుల మాటలూ దానికి తెలుసు. పెట్టెలోంచి దాన్ని తీస్తుండగా చూసిన కాకి అడవంతా చాటింది.

కాకి చూపించిన చోటికి అందరూ వెళ్లి దూరంగా నిలబడ్డారు. ఆ యంత్రం బండ మీద బండైంది, నాచు మరకతో సహా. మోడు ఎక్కితే మోడైంది, బెరడు పగుళ్లతో సహా. రంగులు మార్చడంలో పేరుమోసిన ముసలి ఊసరవెల్లి కూడా రెప్ప వేయడం మరిచిపోయింది.

"నీ విద్య దీని ముందు ఎందుకు పిన్నీ?" అన్నాడు నక్క. "దండం పెట్టి అడవి ఖాళీ చేద్దాం."

దుప్పికి ఒళ్లు మండింది. దాహంతో నాలుక పిడచగట్టిన పిల్లల్ని వేసుకుని ఎక్కడికి పొమ్మంటావని నిలదీసింది.

ఊసరవెల్లి అందరినీ పక్కకు తీసుకుపోయింది. "నా రంగు కోపానికి, భయానికి, ఎండకి మారుతుంది. దాని రంగు పక్కనున్నదాన్ని బట్టి మారుతుంది. అది ఏం కావాలో మనమే చెబుదాం" అంది.

సాయంత్రం ఆ మోడు దగ్గర నిలబడి, తెల్లారగానే పిల్లల్ని ఇప్పచెట్టు కిందికి తెస్తానని, అక్కణ్నుంచి ఊటకు పోదామని దుప్పి గట్టిగా చెప్పింది.

నక్కకు గుబులు తీరలేదు. "అది రాలిన ఇప్పపువ్వై కూర్చుంటే నువ్వు కూడా కనిపెట్టలేవు పిన్నీ."

"నేను కనిపెట్టక్కర్లేదురా అబ్బాయ్. కనిపెట్టనివాడే కావాలి."

తెల్లారేసరికి ఇప్పపూలు నేలంతా రాలి ఉన్నాయి. యంత్రం వాటి మధ్య ముడుచుకుని పువ్వైంది, మంచు చెమ్మతో సహా. దుప్పి రాలేదు. రోజూ వచ్చే ఎలుగు వచ్చాడు. ఎలుగు పూలు ఏరుకుని తినడు. కళ్లు మూసుకుని, మూతి నేలకానించి, బుస్సుమని పీలుస్తాడు. ఆ పీల్పులో పూలతోపాటు వేగూ లోపలికి పోయింది. దవడ కింద పటుక్కుమంది.

"ఈ ఏడు పూలకు గింజలు పట్టాయేమిటర్రా" అని ఉమ్మేసి, మళ్లీ తిండిలో పడ్డాడు.

వేటగాళ్ల తెర మీద ఆఖరుగా కనిపించింది ఎలుగు కొండనాలుక. ఎండ ఎక్కకముందే దుప్పి తన పిల్లలతో ఊటలో మూతి పెట్టింది.

ఎలుగు ఉమ్మేసిన ముక్కొకటి ఇప్పచెట్టు కింద ఇంకా రంగులు మారుస్తూనే ఉంది. నక్క నీడ పడితే నక్కైంది, నీడ తొలగితే మట్టైంది. ఊసరవెల్లి దానివైపే చూస్తూ ఉండిపోయింది. "ఎంత పనితనంరా! చేసిన చేతులకు మొక్కాలి, పంపిన చేతులు నరకాలి. పాపం, దీని సొంత రంగేమిటో ఇదీ ఎరగదు."

తన రంగంటూ లేనివాడు ఎవరి నోట్లో పడ్డా, ఆగమని చెప్పేవాడు ఉండడు.