రెండో పూట మాత్రలు

మందుచీటీ రాసే ముందు డాక్టర్ పేరిరాజు ప్రతి రోగినీ ఒక మాట అడిగేవారు: "మీ ఇంట్లో ఇంకెవరికైనా కడుపులో మంటగా ఉంటుందా?" బయట వందమంది నిలబడి ఉన్నా ఆ ప్రశ్న మానేవారు కాదు. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న మృదుల ఒకరోజు ఉండబట్టలేక, రోగి ఒకరైతే ఇంటిల్లిపాదినీ విచారించడం దేనికని అడిగింది. ఆయన వాదించలేదు. తిరుపాలు సంగతి చెప్పారు.

తిరుపాలు, అతని భార్య వజ్రమ్మ ఉప్పుమడుల్లో కూలీలు. ఎండలో ఇద్దరూ కలిసే ఉప్పు లాగేవారు, ఒకే క్యారియర్‌లో కూడు చెరిసగం తినేవారు. తిరుపాలుకు కడుపులో లింఫోమా బయటపడింది. క్యాన్సరే, కానీ కడుపులో చేరిన ఒక క్రిమి వల్ల వచ్చే రకం. తొలిదశలోనే దొరికింది. క్రిమిని చంపితే చాలామందిలో ఆ గడ్డ దానంతటదే కరిగిపోతుంది. కోత లేదు. పద్నాలుగు రోజులు, రెండు పూటలా మాత్రలు. అయిపోయాక ఖాళీ అట్టలు తెచ్చి చూపించమన్నారు. తిరుపాలు ఒక్కటి పోకుండా తెచ్చాడు. పేరిరాజు వాటిని చూసి తృప్తిపడ్డారు. క్రిమి చచ్చిందో లేదో చూసే పరీక్షకు నెల తర్వాత రమ్మన్నారు గానీ గట్టిగా చెప్పలేదు. మంట తగ్గింది, మడుల్లో పని ముమ్మరంగా ఉంది. తిరుపాలు రాలేదు. ఏడాదికి వచ్చేసరికి గడ్డ మొండిగా మారిపోయింది. ఏ మందుకూ లొంగలేదు.

తిరుపాలు దినాలు అయిన వారానికి వజ్రమ్మ వచ్చింది. మళ్ళీ ఆ మాత్రలే కావాలంది.

"మంచి మందు సారూ అది. పొద్దుటివి ఆయన మింగేవాడు, రాత్రివి నాకు పెట్టేవాడు. నాకూ మంటే కదా. వద్దంటే, సగం కూడు తినేదానివి, సగం మందు తినలేవా అని ఎగతాళి చేసేవాడు."

చదువులేని మనుషులని పెదవి విరిచేవాళ్లు ఇక్కడ కాసేపు నోరు మూసుకోవాలి. ఉన్నదాన్ని పంచుకోకపోతే ఆ ఇల్లు ఏనాడో కూలిపోయేది. ఖాళీ అట్టలు అడిగినవాడికి ఖాళీ అట్టలే అందాయి. అడగాల్సింది ఎవరూ అడగలేదు.

తిరుపాలు ఎందుకు పోయాడో వజ్రమ్మకు చెప్పారా అని మృదుల అడిగింది.

పేరిరాజు తర్వాతి రోగి చీటీ దగ్గరికి లాక్కున్నారు.

"మందు రాసిచ్చాను. రెండు పూటలవీ నువ్వే మింగాలి వజ్రమ్మా అన్నాను. ఇంకెవరికి పెడతాను సారూ అంది."