తాతగారు ఓడిన యుద్ధం

మల్లెగుట్ట అని వెనకటికి ఒక రాజ్యం ఉండేది. రాజ్యం చిన్నదే గానీ, దాన్ని ఏలే రణభైరవ మహారాజు మాత్రం తనంతటివాడు లేడనుకునేవాడు.

ఆయనకు ఉన్నట్టుండి పుస్తకాల మీద మోజు పుట్టింది. కోటలో పాలరాతి మండపం కట్టించి రాజనీతికి, మతానికి, శిల్పానికి, సంగీతానికి వేరువేరు అరలు పెట్టించాడు. అన్నిటికీ నడుమ చరిత్రకు గంధపు చెక్క పీఠం. గ్రంథం తెచ్చిన ప్రతి పండితుణ్ణీ రాజుగారు ముందు అడిగే మాట ఒకటే, "ఇందులో మా ప్రసక్తి ఎక్కడ?" అని. శిల్పశాస్త్రం రాసిన ఒకాయన విగ్రహాల కొలతలు చెబుతూ చెబుతూ రాజుగారి మీసాల పొడవు కూడా చెప్పి పల్లకి బహుమానంగా కొట్టేశాడు.

రాజవంశ చరిత్ర రాసే పని ఎల్లనార్యుడికి పడింది. ఆయన ముక్కుసూటి మనిషి. కొండలెక్కి శాసనాలు చదివి, ఊరూరా ముసలివాళ్లను అడిగి, నిజమని తేలిందే రాశాడు. మండపం తెరిచే రోజున పొరుగు రాజ్యాల పండితుల ముందు చదవాల్సింది ఆ గ్రంథమే. అందుకని రాజుగారు దాన్ని ముందుగా సభలో చదివించుకున్నాడు.

తాతగారి అధ్యాయం వచ్చేసరికి ఆయన మొహం మాడిపోయింది.

"ఏమిటీ? పులివాగు యుద్ధంలో మా తాతగారు వీరభైరవులు ఓడిపోయారా? మోకాలి లోతు బురదలో పారిపోతూ పట్టుబడ్డారా?"

"రెండు రాజ్యాల శాసనాలూ అదే చెబుతున్నాయి ప్రభూ" అన్నాడు ఎల్లనార్యుడు.

"గెలిచినట్టు మార్చు."

"మార్చలేను ప్రభూ. జరగనిది రాస్తే అది చరిత్ర కాదు."

"అయితే నీ పుస్తకం పొయ్యిలోకి, నువ్వు చెరసాలలోకి!"

ఆస్థాన విదూషకుడు చెన్నుభట్టు కూడా ఆ సభలోనే ఉన్నాడు. ఎల్లనార్యుడు అతనికి చిన్ననాటి స్నేహితుడు. ఆ గ్రంథం కోసం ఆయన కళ్లు ఎంత పాడుచేసుకున్నాడో చెన్నుభట్టు దగ్గరుండి చూశాడు. ఏం చెయ్యాలో తోచేలోపే కాళ్లు అతన్ని లేపి నిలబెట్టాయి.

"ప్రభూ, ఈయనది ఒట్టి చాదస్తం. ఆ పుస్తకం నాకిప్పించండి. తాతగారిని నేను గెలిపిస్తాను."

ఎల్లనార్యుడు తెల్లబోయాడు. "చెన్నూ, నువ్వా ఈ మాట అనేది?"

చెన్నుభట్టు స్నేహితుడి వైపు చూడలేదు. చూస్తే నవ్వో ఏడుపో వచ్చేలా ఉంది.

"ఒక్క మనవి ప్రభూ. చరిత్రలో ఒక మాట మారిస్తే, దానికి తగ్గట్టు తర్వాతివన్నీ మార్చుకుంటూ పోవాలి. అతుకు కనబడితే పొరుగు పండితులు నవ్వుతారు."

"నీ ఇష్టం వచ్చినట్టు మార్చుకో. మా తాతగారు గెలవాలి, అంతే. అంతవరకూ ఈ ఎల్లనను కాపలాలో ఉంచండి."

చెన్నుభట్టు గ్రంథం ఇంటికి తెచ్చుకుని కొత్త తాటాకులు ముందేసుకున్నాడు. రాజుగారు నవ్వితే సరే. నవ్వకపోతే చెరసాలలో ఎల్లనార్యుడికి తోడు దొరికినట్టే. అయినా గంటం తీశాడు.

పని పూర్తయిందని కబురు చేయగానే మళ్లీ సభ తీరింది. రాజుగారి నాయనమ్మ చంద్రమాంబ కూడా వచ్చి మనవడి పక్కన మెత్తల మీద కూర్చుంది. ఎల్లనార్యుణ్ణి తెచ్చి ఒక మూల నిలబెట్టారు. చెన్నుభట్టు గొంతు సవరించుకున్నాడు.

"పులివాగు ఒడ్డున వీరభైరవ మహారాజు సింహంలా గర్జించారు. శత్రువులు చెల్లాచెదురయ్యారు. విజయం మల్లెగుట్టదే!"

"భేష్!" అన్నాడు రాజు, మీసం మెలేస్తూ.

"మహారాజు గెలిచారు కనుక శత్రువు చేతికి చిక్కలేదు. చిక్కలేదు కనుక శత్రురాజు కోటలో బందీగా ఉండలేదు. ఉండలేదు కనుక ఆ రాజు కుమార్తె చంద్రమాంబాదేవి వారిని చూడనే లేదు. సంధీ జరగలేదు, పెళ్లీ జరగలేదు. విజయోత్సాహంలో మహారాజు యుద్ధం మీద యుద్ధం చేస్తూ పెళ్లి ఊసే మరిచి, సంతానం లేకుండానే స్వర్గస్థులయ్యారు. ఇంతటితో మల్లెగుట్ట రాజవంశ చరిత్ర సమాప్తం."

చెన్నుభట్టు ఆకులు కట్టేశాడు.

"సమాప్తమేమిటి? మా నాన్నగారు ఏరి?" అన్నాడు రాజు.

"పుట్టలేదు ప్రభూ."

"మరి మేము?"

"ఏలినవారి కోసం చాలా వెతికాను. గ్రంథంలో ఎక్కడా చోటు దొరకలేదు."

సేనాపతి చెయ్యి కత్తి మీదకు పోయింది. చెన్నుభట్టు చేతులు జోడించాడు.

"ఏలినవారిని పుట్టించే దారి ఒకటి లేకపోలేదు. కాకపోతే, అందుకు తాతగారు ఓడిపోవాలి. ఆలోచించి సెలవియ్యండి."

అంతలో మెత్తల మీద నుంచి కిలకిలమని నవ్వు వినబడింది. చంద్రమాంబ పమిటతో కళ్లు ఒత్తుకుంటోంది.

"ఒరేయ్ భైరవా, ఈ భట్టు చెప్పింది అక్షరాలా నిజం. మీ తాతను మా నాన్న పట్టి తెచ్చినప్పుడు తలపాగా లేదు, ఒంటి నిండా బురద. అంత ఓడిపోయి కూడా, తన గుర్రానికి నీళ్లు పెట్టారా లేదా అని అడిగాడు. అదిగో, అప్పుడే నాకు నచ్చాడు. గెలిచి మీసం తిప్పుతూ వచ్చుంటే మొహమైనా చూసేదాన్ని కాను."

రాజు నాయనమ్మ వైపు చూశాడు. చెన్నుభట్టు వైపు చూశాడు. ముందు పెదవి వణికింది, తర్వాత బొజ్జ కదిలింది, ఆ తర్వాత కిరీటం ఊగిపోయేలా పగలబడి నవ్వాడు.

"ఓడించెయ్యవయ్యా, వెంటనే ఓడించెయ్! చెన్నుభట్టూ, ఏం కావాలో కోరుకో."

"ఎల్లనార్యులు రాసింది రాసినట్టే మండపంలో ఆయన చేతనే చదివించండి ప్రభూ. మొదటి వరుసలో కూర్చుని వింటాను, అంతే చాలు."

రాజు తన మెడలోని హారం తీసి చెన్నుభట్టుకు వేశాడు. ఎల్లనార్యుడికి శాలువా కప్పించి, గ్రంథం ఆయన చేతుల్లో పెట్టించాడు. ఆయన దాన్ని విప్పీ విప్పకముందే చంద్రమాంబ చెయ్యెత్తింది.

"ఒక్క పొరపాటుందయ్యా. నేను కళ్లారా చూశాను. బురద మోకాలి దాకా కాదు, నడుం దాకా."

ఎల్లనార్యుడు బిక్కుబిక్కుమంటూ రాజు వైపు చూశాడు.

"రాసెయ్యవయ్యా!" అన్నాడు రణభైరవుడు నవ్వు ఆపుకోలేక. "నడుం దాకా అనే రాయి. ఎక్కడైనా తక్కువ ఓడి మేము పుట్టకుండా పోతే కష్టం!"